అరకులో పిల్లలతో టెంట్‌లో తొలి రాత్రి: ముందు పడక సంగతి చూసుకోండి

మీరు అడిగింది ఇదీ: డిసెంబర్ 13, 14 తేదీల్లో, శని ఆదివారాలు, గాజువాక నుంచి అరకు వెళ్లాలనుకుంటున్నారు. మీరిద్దరూ, ఏడేళ్ల బాబు, నాలుగేళ్ల పాప, అరవై నాలుగేళ్ల మీ అత్తగారు. టెంట్‌లో పడుకోవడం అందరికీ ఇదే మొదలు. టెంట్ కొనుక్కుని వెళ్లాలా, అక్కడే అద్దెకు తీసుకోవాలా? చలికి పిల్లలు ఆగుతారా? రైలా, కారా? ఆదివారం తెల్లవారుజామున వంజంగి కొండ మీంచి మేఘాలు కూడా చూసి రావచ్చా?

నేను విశాఖవాణ్ణే. మా పిల్లలు మీ పిల్లలంత ఉన్నప్పటి నుంచి అరకు, అనంతగిరి, పాడేరు వైపు టెంట్లతో వెళ్తున్నాం. పిల్లలకు ఇవ్వగలిగిన వాటిలో ఇది చాలా మంచిదని నా నమ్మకం. తప్పకుండా వెళ్లండి. అయితే పగలు ఏం చూడాలన్న దాని గురించి అందరూ బోలెడు ప్లాన్ వేసుకుంటారు, రాత్రి గురించి ఎవరూ ఆలోచించరు. పిల్లలు రాత్రి వెచ్చగా పడుకుంటే మర్నాడు ఏం చూపించినా సంతోషమే. నిద్ర లేకపోతే ఏ జలపాతం చూపించినా ఏడుపే. అందుకే ముందు రాత్రి సంగతి చెబుతాను.

అరకు సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది. ఎత్తు ప్రతి వెయ్యి మీటర్లకూ దాదాపు ఆరు డిగ్రీల చొప్పున వేడి తగ్గుతుంది. ఆ లెక్కన విశాఖలో రాత్రి 18 డిగ్రీలుంటే అరకులో 12, 13 ఉండాలి. కానీ డిసెంబర్‌లో అక్కడ చాలా రాత్రుళ్లు పది లోపుకు పడిపోతుంది. కారణం ఏమిటంటే అది లోయ. మబ్బు లేని రాత్రి కొండలు తొందరగా చల్లబడతాయి. ఆ చల్లగాలి బరువుగా ఉండి నీళ్లలాగే కిందికి జారి లోయ అడుగున నిలబడిపోతుంది. తెల్లవారుజామున పొలాల మీద దుప్పటి పరిచినట్టు కనిపించే పొగమంచు ఆ చల్లగాలి నిలిచిన చోటే. చూడటానికి అందంగా ఉంటుంది, అందులో పడుకోవడం మాత్రం కష్టం.

కాబట్టి టెంట్ ఎక్కడ వేశారన్నది టెంట్ ఏ కంపెనీది అన్న దానికంటే ముఖ్యం. వాగు పక్కన, లోయ అడుగున వద్దు. కోత కోసిన వరి మడి చదునుగా ఉందని మనసు లాగుతుంది, కానీ ఆ మట్టిలో చెమ్మ ఇంకా ఆరి ఉండదు. లోయ అడుగు నుంచి ఓ పాతిక ముప్పై అడుగులు ఎత్తులో, కొంచెం వాలుగా, తూర్పు వైపు అడ్డం లేని చోటు చూడండి. అంత మాత్రం ఎత్తుకే చలిలో తేడా తెలుస్తుంది, పొద్దున్నే ఎండ ముందుగా మీ టెంట్ మీద పడుతుంది. వాలు ఉంటే తల ఎత్తు వైపు పెట్టుకుని పడుకోవాలి. పెద్ద చెట్టు కింద వేయకండి, ఎండు కొమ్మ ఎప్పుడు విరుగుతుందో చెప్పలేం.

ఇక పడక. చలి పైనుంచి వస్తుందనుకుని అందరూ కప్పుకోవడానికి మూడేసి రగ్గులు తెస్తారు. నిజానికి ఒంట్లో వేడిని ఎక్కువగా లాగేసేది నేల. స్లీపింగ్ బ్యాగ్ ఎంత మందమైనదైనా మన బరువుకి వీపు కింద అణిగిపోతుంది, అందులో గాలి లేకపోతే వెచ్చదనమూ ఉండదు. నా మొదటి ట్రిప్పులో అర్ధరాత్రి మెలకువ వచ్చి మా చిన్నదాని నడుం కింద చెయ్యి పెట్టి చూశాను. పైన రెండు రగ్గులు, కింద ఒక పల్చటి చాప. ఆ చాప ఫ్రిజ్‌లోంచి తీసిన గిన్నెలా ఉంది. అప్పటి నుంచి మాది ఒకటే పద్ధతి: ముందు బరకం, దాని మీద టెంట్, లోపల ఫోమ్ మ్యాట్, దాని మీద గొంగళి, ఆ పైన స్లీపింగ్ బ్యాగ్. గొంగళి ఇంట్లో లేకపోతే పాత బొంత అయినా సరే. కిందికి రెండు పొరలు, పైకి ఒకటి అని గుర్తుపెట్టుకోండి. గాలి కొట్టే పరుపులు మెత్తగా ఉంటాయి గానీ, లోపల గాలి చల్లబడి మంచుగడ్డ మీద పడుకున్నట్టు ఉంటుంది. అవే ఉంటే వాటి మీద బొంత తప్పనిసరి.

ఇంకొకటి, వింటే వింతగా ఉంటుంది. ఎంత చలిగా ఉన్నా టెంట్‌ని పూర్తిగా మూసేయకూడదు. మేం మొదటిసారి జిప్పులన్నీ బిగించి పడుకున్నాం. నాలుగింటికి మా అమ్మాయి లేపి "నాన్నా, వాన పడుతోంది" అంది. బయటికి తల పెట్టి చూస్తే ఆకాశం నిండా చుక్కలు. టార్చి వేసి చూస్తే టెంట్ లోపలి గుడ్డ నిండా నీటి బొట్లు, కదిలితే చాలు ముఖం మీద రాలుతున్నాయి. అది మా నలుగురి ఊపిరే. ఒక్కో మనిషి రాత్రంతా ఊపిరితో వదిలే తేమ సుమారు ఓ గ్లాసు నీళ్లంత ఉంటుంది. బయటికి దారి లేక ఆ తేమ చల్లటి గుడ్డకి తగిలి నీరైపోయింది. తెల్లారేసరికి రగ్గులు తడిశాయి, పిల్లలిద్దరూ వణికారు, ఎనిమిదింటికి ఇంటికి బయల్దేరిపోయాం. పైన ఉండే గాలి కిటికీలు తెరిచే ఉంచండి, తలుపు జిప్పు పైనుంచి జానెడు వదిలేయండి, దోమతెర పొర మాత్రం పూర్తిగా మూసేయండి. పొడి గాలి కాస్త చల్లగా ఉన్నా ఒంటికి ఇబ్బంది ఉండదు, తడి బట్ట మాత్రం వేడినంతా లాగేస్తుంది.

పిల్లల్ని పడుకోబెట్టే ముందు పగలు వేసుకున్న బట్టలన్నీ, లోపలివి కూడా మార్చండి. ఆడి ఆడి చెమట పట్టి ఉంటాయి, ఆ చెమ్మే రాత్రి చలి పుట్టిస్తుంది. రాత్రి కోసం ఒక జత పొడి సాక్సులు కవర్లో చుట్టి విడిగా దాచండి, ఎవరడిగినా పగలు ఇవ్వొద్దు. మంకీ క్యాప్, సన్నటి బట్టలు రెండు మూడు పొరలు. లావుపాటి స్వెట్టర్ ఒకటి కంటే అవే నయం. నిద్రకి ముందు ఒక నువ్వుల చిమ్మిలి ఉండో, పల్లీ చిక్కీయో తినిపించండి, నూనె గింజలు నిదానంగా అరుగుతూ వేడినిస్తాయి. స్టీలు సీసాలో వేడినీళ్లు పోసి, మూత గట్టిగా ఉందో లేదో తిప్పి చూసి, సాక్సులో దూర్చి కాళ్ల దగ్గర పెట్టండి. ఒట్టి సీసా పెడితే చర్మం కాలుతుంది. ఆఖర్న అందరినీ బాత్రూమ్‌కి తీసుకెళ్లి రండి. నాలుగేళ్ల పాప రెండింటికి లేస్తుంది, ఆ చీకట్లో చెప్పులు వెతుక్కోకుండా టార్చి, చెప్పులు తలుపు దగ్గరే ఒక సంచిలో ఉంచండి. బయట వదిలేస్తే వేసుకునే ముందు దులపాలి, తేళ్లు దూరతాయి.

ఇప్పుడు చెప్పబోయేది మాత్రం దయచేసి ఇంట్లో అందరికీ చదివి వినిపించండి. చలిగా ఉందని నెగడు లోంచి నిప్పులు తీసి కుంపట్లో వేసి టెంట్‌లోకి తేవద్దు. బొగ్గుల స్టవ్వు, గ్యాస్ హీటర్, దోమల చుట్ట, ఏదీ లోపల వద్దు. నిప్పు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ లేదు, వాసనా లేదు. మత్తుగా నిద్ర పట్టినట్టే ఉంటుంది, ఇక లేవరు. ఒక కిటికీ తెరిచాం కదా అనుకోవడానికి కూడా లేదు. పైగా టెంట్ గుడ్డ నైలాన్ కానీ పాలిస్టర్ కానీ అయి ఉంటుంది, నిప్పురవ్వ పడితే కరిగి చర్మానికి అంటుకుంటుంది. నెగడు టెంట్‌కి కనీసం పదిహేను అడుగుల దూరంలో, వీలైతే టెంట్ కంటే పల్లంలో వేయండి. రాత్రిపూట గాలి కొండ మీంచి లోయలోకి దిగుతుంది కాబట్టి పొగ, రవ్వలు కిందికే పోతాయి. పడుకునే ముందు నీళ్లు పోసి, కర్రతో కలిపి, మళ్లీ నీళ్లు పోసి, చేత్తో తాకగలిగేంత చల్లారాకే లోపలికి వెళ్లండి.

టెంట్ కొనాలా అంటే, మొదటిసారికి వద్దు. అద్దెకు తీసుకోండి. ఇప్పుడు అరకు చుట్టుపక్కల టెంట్లు వేసి ఇచ్చేవాళ్లు చాలామంది ఉన్నారు. ఫోటోలు చూసి డబ్బు కట్టకుండా ఫోన్ చేసి అడగండి. టెంట్ మీద నేలదాకా దిగే రెండో పొర ఉందా? లేకపోతే మంచుకి తడిసిపోతుంది. కింద పరిచే మ్యాట్ ఎంత మందం? రగ్గులు ఉతికినవేనా? బాత్రూమ్ ఎన్ని అడుగుల దూరం, దారిలో లైటు ఉందా? కుటుంబాలకు విడిగా చోటు ఉందా? అన్నిటికంటే ముఖ్యంగా, రాత్రి పది తర్వాత పాటలు ఆపుతారా? పది నుంచి పొద్దున ఆరు వరకు లౌడ్‌స్పీకర్లు పెట్టకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల్లోనే ఉంది. అయినా ఒక డిసెంబర్‌లో మా పక్కన దిగిన బృందం రాత్రి ఒంటిగంటన్నర దాకా డీజే పెట్టారు. నిర్వాహకుడికి చెబితే "అందరూ ఎంజాయ్ చేయడానికే కదా సార్ వచ్చేది" అన్నాడు. చెవులు మూసుకుని ఏడ్చిన పసిపిల్ల ఒకామె చేతుల్లో ఉంది ఆ రాత్రి, నేను ఇప్పటికీ మరిచిపోలేదు. అందుకే ఈ ప్రశ్నకి జవాబు నసిగితే ఇంకొకరిని చూసుకోండి.

పిల్లలకి నచ్చి ముందు ముందు కొనాలనుకుంటే, నలుగురికి ఆరుగురి టెంట్ కొనండి. నలుగురి టెంట్ అంటే మనిషికి రెండడుగుల వెడల్పు లెక్కేస్తారు, సామాను పెట్టుకునే చోటు అందులో ఉండదు. కొన్నాక ముందు డాబా మీద ఒక రాత్రి వేసి పడుకోండి. మేకులు దిగవు కాబట్టి తాళ్లు నీళ్ల డబ్బాలకు కట్టండి.

సొంత టెంట్ తీసుకెళ్లినా ఎక్కడ పడితే అక్కడ వేయడానికి లేదు. చుట్టూ ఉన్నది చాలావరకు రిజర్వు అడవి, అనుమతి లేకుండా అందులో మకాం పెట్టడం, మంట వేయడం నేరం. మిగిలింది గిరిజన రైతుల భూమి. వాళ్ల భూములు బయటివాళ్ల చేతుల్లోకి పోకుండా 1970లో వచ్చిన ఒకటో నంబరు చట్టం, మన వాళ్లంతా వన్ ఆఫ్ సెవెంటీ అనేది, ఇక్కడ అమల్లో ఉంది. ఆ నేల వాళ్లకి ఎంత విలువైనదో దాన్నిబట్టే అర్థమవుతుంది. ఖాళీగా కనిపించినా అడిగి, వాళ్లు చెప్పిన డబ్బు ఇచ్చి వేసుకోండి. ఆ నెలలో వలిసె పూలు పసుపు తివాచీలా కనిపిస్తే పిల్లల్ని అందులోకి దింపి ఫోటోలు తీయకండి. అది నూనె గింజల పంట, తొక్కిన మొక్క మళ్లీ లేవదు. గట్టు మీద నిలబడి తీసుకుంటే ఫోటో అంతే అందంగా వస్తుంది. కాఫీ తోటల్లో కూడా అది పండ్లు కోసే కాలం. ఎర్రగా మెరుస్తుంటే పిల్లలు చెయ్యి చాస్తారు. ముందే చెప్పి ఉంచండి, ఎవరైనా రైతు ఒక పండు చేతిలో పెడితే చీకనివ్వండి, గుజ్జు తియ్యగా ఉంటుంది. 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చిన అరకు కాఫీ ఈ ఎర్ర పండులోని గింజే అని తెలిస్తే మీ బాబు బడిలో అందరికీ చెబుతాడు.

అత్తగారి విషయం. ఆవిడని టెంట్‌లో పడుకోబెట్టకండి. నేల మీంచి లేవడం, వంగి బయటికి రావడం, చీకట్లో బాత్రూమ్‌కి నడవడం, మోకాళ్లకి ఇవన్నీ భారం. చలికి రక్తనాళాలు బిగుసుకుని బీపీ కూడా పెరుగుతుంది. గదులు, టెంట్లు ఒకే ఆవరణలో ఉన్న చోటు చూసుకుని ఆవిడకి గది తీసుకోండి. పర్యాటక సంస్థ వాళ్ల హరిత వ్యాలీ రిసార్ట్, మయూరి అరకులోనే ఉన్నాయి, కానీ డిసెంబర్ శనివారాలకి గదులు చాలా ముందే అయిపోతాయి, ఈ వారమే చూడండి. ఆ గది మీకూ ధైర్యం. రాత్రి పన్నెండింటికి పాప "ఇంటికి పోదాం" అని ఏడ్చిందనుకోండి, ఎత్తుకుని నానమ్మ పక్కన పడుకోబెట్టేయొచ్చు. నెగడు దగ్గర కుర్చీ వేసి ఆవిడని తొమ్మిదింటిదాకా కూర్చోబెట్టుకోండి. కథలు చెప్పేది ఆవిడే కదా.

రైలా, కారా అంటే నా సలహా రెండూ. కిరండూల్ వెళ్లే రైలు విశాఖలో పొద్దున్నే బయల్దేరి దాదాపు నాలుగు గంటల్లో అరకు చేరుతుంది. దారిలో బోలెడు సొరంగాలు. అద్దాల విస్టాడోమ్ బోగీలో టికెట్లు దొరికితే మీరు, అత్తగారు, పిల్లలు అందులో ఎక్కండి. మీ వారు సామానుతో కారులో రావచ్చు. గ్యాస్ సిలిండర్లు రైల్లో నిషేధం కాబట్టి చిన్న స్టవ్వు, డబ్బా కారులోనే. బాబుని సొరంగాలు లెక్కపెట్టమనండి. అరకుకి ముందు శిమిలిగుడ స్టేషన్ వస్తుంది, ఒకప్పుడు దేశంలో బ్రాడ్‌గేజ్ లైన్ల మీద అన్నిటికంటే ఎత్తైన స్టేషన్ అదే అని చూపించండి. అందరూ కారులోనే అయితే ఆరింటికల్లా బయల్దేరి, శృంగవరపుకోటలో ఇడ్లీ మాత్రం తిని, పెట్రోలు పోయించుకుని ఘాట్ ఎక్కండి. పూరీలు, నూనె వంటలు వద్దు, అనంతగిరి మలుపుల్లో పిల్లలకి వాంతులవుతాయి. ఫోన్ చూడనివ్వకుండా ముందుకు చూడమనండి. వాంతుల మాత్ర కావాలంటే డోసు డాక్టర్ని అడిగి బయల్దేరడానికి ముందే వేయాలి, కడుపులో తిప్పడం మొదలయ్యాక పెద్దగా పనిచేయదు.

శనివారం రెండింటికల్లా చేరుకోండి. డిసెంబర్‌లో ఐదున్నరకే చీకటి పడుతుంది, నాలుగింటికి పడకలు పరిచి ఉండాలి. ఆ రోజు ఇంకేం చూడకపోయినా ఫర్వాలేదు, ఓపిక ఉంటే గిరిజన మ్యూజియం చాలు. రాత్రికి వంట పెట్టుకోకండి. ఇంటి నుంచి పులిహోర, పెరుగన్నం తీసుకెళ్లి, అక్కడ బొంగు చికెన్ తెప్పించుకోండి. పచ్చి వెదురు బొంగులో మసాలా పట్టించిన కోడిమాంసం కూరి, మూతికి ఆకు కుక్కి నిప్పుల మీద కాలుస్తారు, నూనె చుక్క వేయరు. పిల్లలకి కారం తక్కువ వేయమని ముందే చెప్పాలి. ముక్క ఎముక దగ్గర ఎర్రగా ఉంటే మళ్లీ నిప్పుల మీద పెట్టించండి, మొహమాటపడొద్దు.

భోజనాలయ్యాక నెగడు తగ్గించి, ఫోన్లు ఆపి, అందరూ పైకి చూడండి. మీరు వెళ్లే తేదీలు చాలా మంచివి. ఏటా డిసెంబర్ 13, 14 రాత్రుళ్లలో మిథున రాశి వైపు నుంచి ఉల్కలు జోరుగా రాలతాయి. గాజువాకలో ఆ లైట్ల వెలుగుకి కనపడవు, అక్కడ కనపడతాయి. తొమ్మిదింటికి తూర్పున వరసగా మూడు చుక్కలు, మన పెద్దవాళ్లు గొర్రు కొయ్యలు అనేవి. వాటికి పైన గుంపుగా పిల్లలకోడి. మీ అత్తగారికి ఈ పేర్లు తెలిసే ఉంటాయి, అడిగి చూడండి. మా అమ్మ పొలం కాపలా రాత్రుళ్లలో ఆ మూడు చుక్కల్ని చూసి వేళ ఎలా చెప్పేవారో మా పిల్లలకి వివరించింది ఇలాంటి నెగడు పక్కనే. అంతవరకు నాకూ ఆ సంగతి తెలియదు.

వంజంగి ఈసారికి వదిలేయండి. అది పాడేరు దగ్గర. అరకు నుంచి చీకట్లో, పొగమంచులో ఘాట్ దారిన వెళ్లి, అక్కడ మళ్లీ చలిలో కొండెక్కాలి. నాలుగేళ్ల పాపని నిద్రలో లేపి తీసుకెళ్లే చోటు కాదు. ఆదివారం పిల్లలు లేచినప్పుడే లేవండి. ఎండెక్కాక, బండల మీంచి నీళ్లు జారే చాపరాయికి వెళ్లొచ్చు. పాచి పట్టిన బండలు చాలా జారతాయి, పిల్లల చెయ్యి వదలకండి, పైనుంచి నీళ్లు వేగంగా వస్తున్న చోట పెద్దవాళ్లు కూడా దిగకూడదు. తిరుగు దారిలో బొర్రా గుహలు పెట్టుకోండి. లోపల మెట్లు చాలా ఉన్నాయి, అత్తగారు మొదట్లో ఉన్న పెద్ద గుహ చూసి ఆగిపోయినా చాలు, ఆ కప్పు ఎత్తు అక్కడి నుంచే తెలుస్తుంది. చీకటి పడకముందే ఘాట్ దిగిపోవాలి.

ఆరోగ్యం విషయంలో రెండు జాగ్రత్తలు. మన్యంలో మలేరియా ఉంది, ఆ దోమలు కుట్టేది పొద్దుగూకినప్పటి నుంచి తెల్లవారే దాకా. సాయంత్రం నాలుగున్నరకే నిండు చేతుల చొక్కాలు, ప్యాంట్లు వేసి, మిగిలిన చోట దోమల క్రీమ్ రాయండి. పొదల్లో, గడ్డిలో కంటికి కనపడనంత చిన్న పురుగులు కుట్టి స్క్రబ్ టైఫస్ వస్తుంది, అందుకని పిల్లల్ని గడ్డి మీద నేరుగా కూర్చోనివ్వకుండా బరకం వేయండి, ఇంటికి రాగానే స్నానం చేయించి ఆ బట్టలు వేడినీళ్లలో ఉతకండి. వచ్చిన నెలలోపు ఎవరికి జ్వరం వచ్చినా మామూలు జ్వరమని మాత్రలు వేసి ఊరుకోకుండా డాక్టర్‌కి "అరకులో బయట పడుకున్నాం" అని మొదటే చెప్పండి. ఒంటి మీద, ముఖ్యంగా చంకల్లో, గజ్జల్లో సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పొక్కు కనిపిస్తే చూపించండి. స్క్రబ్ టైఫస్ మొదట్లోనే తెలిస్తే మందులకి తేలిగ్గా తగ్గిపోతుంది.

చెత్తకి ఒక పెద్ద సంచి తీసుకెళ్లి, చాక్లెట్ కాగితం దగ్గర నుంచి అన్నీ అందులో వేసి వెనక్కి తెచ్చుకోండి. ఆదివారం పొద్దున్నే టెంట్ మడిచేటప్పటికి అది తడిగానే ఉంటుంది, అద్దెదైతే వాళ్లే చూసుకుంటారు. బొంతలు, గొంగళి మాత్రం మీవి కదా, ఇంటికి రాగానే ఆ రాత్రికే మూలన పడేయకుండా తీగ మీద వేసేయండి, సోమవారం ఎండలో తిరగేసి ఆరబెట్టండి. వెళ్లొచ్చాక పాప రాత్రి ఎలా పడుకుందో ఇక్కడ రాయండి.